ఆవాల డబ్బాలో క్రిస్తోఫరు

జగ్గయ్యపేట,
14 జూన్ 1968

చి.సౌ. మరదలు ప్రేమకుమారికి వదిన రత్నమణి ఆశీస్సులు. మరియతల్లి మీ ఇంటిని చల్లగా చూడాలి. (ఆ తల్లి పేరు ఎత్తినందుకు నొచ్చుకోకు. పదేళ్ళుగా నీకు రాయని చెయ్యి, పాత అలవాటు కొద్దీ రాసేసింది.)

ఇంతకాలానికి కలం ఎందుకు పట్టానంటే, నిన్న సాయంత్రం పక్కింటి బసవమ్మ వచ్చి, "పంతులమ్మగారూ, మీ తమ్ముణ్ణి వేదాద్రి బస్సుకి వేశారంటగా!" అని చెప్పింది. ఆవిడ సంతోషంగానే చెప్పింది. నాకు మాత్రం చేతిలో చేట జారిపోయింది.

వేదాద్రి దారిలో వాగు చప్టా ఉంది. మా నాన్న ఎడ్లబండితో సహా కొట్టుకుపోయింది అక్కడే. అప్పుడు నాకు పదహారేళ్ళు, మీ ఆయనకు ఆరు. ఎద్దులు రెండూ ఒడ్డుకు చేరాయి, నాన్న చేరలేదు. ఆ తర్వాత తమ్ముడు వరాన్ని పెంచింది నేనే. వాడు మీ బాప్తిస్టు గుడిలో నిన్ను పెళ్ళి చేసుకున్న రోజున, మా గుడి గడప వదిలినవాడు నా గడప కూడా తొక్కవద్దని అన్నదీ నేనే. వాడు చిన్నప్పుడు నేను చెప్పిన మాట ఒక్కటీ వినలేదు. ఇదొక్కటి మాత్రం పదేళ్ళుగా వింటున్నాడు.

అయినా రోజూ పదీ ఇరవైకి వాడి బస్సు మా బడి పక్కగా పోతూ రెండుసార్లు హారన్ కొడుతుంది. అది నాకే అనుకుంటాను. పిల్లలకు లెక్క ఇచ్చి కిటికీ వైపు తిరుగుతాను.

ఈ కవరులో అట్టముక్కకు నాలుగు వైపులా దారంతో కుట్టి పంపుతున్నది పునీత క్రిస్తోఫరు పతకం. ఆయన మహాకాయుడు. వంతెన లేని ఏటిలో దిగి మనుషులను భుజాన మోసి దాటించడం ఆయన పని. ఒకనాడు ఒక పసివాణ్ణి ఎక్కించుకుంటే, నడియేటికి వచ్చేసరికి లోకమంతా మోస్తున్నంత బరువైంది. ఆ పసివాడు ప్రభువే. వందల ఏళ్ళ కిందట దొరల సీమలో గుడి గోడల మీద ఆయన బొమ్మను మనిషికి రెండింతల ఎత్తు గీసేవారట. పొద్దున్నే దాన్ని చూసినవాడికి ఆ పూట అకాల మరణం లేదని నమ్మేవారట. గోడ మన వెంట రాదు కదా, అందుకని పతకాలు పోయించారు. ఇప్పుడు ఇటలీలో ప్రతి కారులోనూ ఉంటుందని మా ఫాదరుగారు చెప్పారు. "మరి అక్కడ ప్రమాదాలు జరగవాండీ?" అని అడిగాను. "చాలా జరుగుతాయమ్మా" అన్నారు.

కనుక ఇది తాయెత్తు కాదు. తాయెత్తు కట్టుకున్నవాడు నిద్రపోవచ్చు. పతకం పెట్టుకున్నవాడు మెలకువగా ఉండాలి. దీన్ని వాడి బస్సులో ఎదురుగా పెట్టించు. నేను పంపానని చెప్పినా సరే, చెప్పకపోయినా సరే.

నీ వదిన,
రత్నమణి


నందిగామ,
23 జూన్ 1968

వదినగారికి ప్రభువు నామమున వందనములు.

మీ ఉత్తరం చేరింది. పదేళ్ళ తర్వాత రాసినందుకు సంతోషం. ఆ రోజు మీరు వంక పెట్టిన నా పెళ్ళి చీర గురించి ఇందులో ఏమీ అనకపోవడం ఇంకా సంతోషం.

మీ క్రిస్తోఫరు గారి కోసం పరిశుద్ధ గ్రంథం అంతా వెదికాను. దొరకలేదు. మా నాన్నగారు నలభై ఏళ్ళు వాక్యం చెప్పిన మనిషి, ఆయనా ఎరగరు. తాయెత్తు కాదు, కానీ దారంతో కుట్టి ఉంది. తాయెత్తు కాదు, కానీ ఫాదరుగారు చదివి నీళ్ళు చల్లే ఉంటారు. మీరు నొచ్చుకోనంటే ఒక మాట. మా వీధిలో సాంబయ్య లారీ ముందు నిమ్మకాయలు కట్టుకుంటాడు. అతనూ అది తాయెత్తు కాదనే అంటాడు.

మా ఇంట్లో అలాంటివి పెట్టము. అలాగని పారెయ్యడానికి మనసొప్పక ఆవాల డబ్బాలో వేశాను. మీ తమ్ముడికి దొరుకుతుందని ఆశపడకండి. మంచినీళ్ళ కుండ ఎక్కడుందో కూడా నన్ను అడిగే మనిషి, ఆవాల జోలికి పోతారా! ఎవరైనా అటు వచ్చేవాళ్ళు ఉంటే పంపేస్తాను.

హారన్ సంగతి. మీ బడి దగ్గర గేదెలు అడ్డం వస్తాయట, అందుకు కొడతారట. ఆయనే చెప్పారు. మిమ్మల్ని బాధపెట్టాలని రాయడం లేదు. నిజం చెప్పడం నా ధర్మం.

ఆయన బాగానే ఉన్నారు. దగ్గు తగ్గింది.

ఇట్లు,
ప్రేమకుమారి


జగ్గయ్యపేట,
30 జులై 1968

చి.సౌ. ప్రేమకుమారికి,

అమ్మాయ్, నిన్ను తప్పుగా అనుకున్నాను. చేతులు జోడించి చెబుతున్నాను. పైకి అంత కారంగా రాసి లోపల పతకం వాడి బస్సులో పెట్టించావా! శనివారం వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి వెళ్ళొచ్చిన బసవమ్మ చూసిందట. వాడి ఎదురుగా అద్దం కింద ఉందట. ఆ రాత్రి జపమాల రెండుసార్లు చెప్పుకున్నాను, రెండోది నీకోసం.

అయితే ఆవిడ చెప్పిన దాంట్లో కొంత నాకు అర్థం కాలేదు. "మీ తమ్ముడికి ఎంత భక్తండీ! యమునలో బాలకృష్ణుణ్ణి ఎత్తుకుపోయే వసుదేవుణ్ణి పెట్టుకున్నాడు. బొట్టు పెట్టి, తులసి దండ వేసి, ఎంత కళగా ఉన్నాడో!" అంది. క్రైస్తవులై ఉండి ఇంత మంచి పని చేశారని మెచ్చుకుని, నాకు ప్రసాదం కూడా ఇచ్చింది. పులిహోర.

తల్లీ, మీ గుడిలో పద్ధతులు మాకు తెలియవు. కానీ బొట్టు పెట్టమని మాత్రం మీ పాస్టరుగారు చెప్పి ఉండరని అనుకుంటున్నాను. వివరంగా రాయి.

వదిన


నందిగామ,
8 ఆగస్టు 1968

వదినగారికి వందనములు.

బొట్టు పెట్టేది నేనా! ఆ మాట మీ కలానికి ఎలా వచ్చింది?

నేను ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. మీ ఉత్తరం చదివి ఆవాల డబ్బా చూస్తే ఖాళీ. అంటే ఆవాలున్నాయి, ఆయన లేడు. మీ తమ్ముడే తీసి ఉంటారు. అడిగితే "అక్క పంపింది కదా" అన్నారు, అంతే. ఆ పైన అడిగితే చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

అసలు పని కండక్టరు వీరరాఘవయ్యది. ఏటిలో నడుస్తున్న మనిషి, చేతిలో కర్ర, భుజాన పసివాడు కనబడగానే, "ఇంకెవరు, వసుదేవుడే!" అని తేల్చేశాడు. "మరి బుట్ట ఏదయ్యా?" అని ఎవరో అడిగితే "పాత బొమ్మ గదా, బుట్ట అరిగిపోయింది" అన్నాడట. ఆ మర్నాటి నుంచి కుంకుమ. ఇప్పుడు శనివారాల్లో జనం ముందు బస్సు ఖాళీగా పోతున్నా ఎక్కరట, "వసుదేవుడి బస్సు" కోసం నిలబడతారట. చప్టా ముందు ఆపి మెట్టు మీద కొబ్బరికాయ కొడతారట. దీన్ని తీయించమని డిపో నుంచి ఒక చెకింగాయన వచ్చాడు. దిగేటప్పుడు ఆయన నుదుటన కూడా బొట్టు ఉంది.

నేను ఊరుకోలేదు. మొన్న శనివారం నేనే ఎక్కి, విగ్రహాలకు మొక్కడం ఎందుకు తప్పో లేచి నిలబడి చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఒక ముసలావిడ "చక్కగా చెప్పావమ్మా హరికథ" అని నా తల మీద అక్షింతలు వేసింది.

మీ పునీతుడు మా ఇంటికి చేసిన మేలు ఇదీ. వచ్చి తీసుకుపోండి.

ప్రేమకుమారి


జగ్గయ్యపేట,
16 సెప్టెంబరు 1968

చి.సౌ. ప్రేమకుమారికి ఆశీస్సులు.

నీ మీద అక్షింతలు పడినందుకు నవ్వానని బాధపడకు. నాకూ శాస్తి జరిగింది.

ముందు ఫాదరుగారిని అడిగాను, బొట్టు పెట్టిన పతకానికి ఆశీర్వాదం నిలుస్తుందా పోతుందా అని. ఆయన లావుపాటి పుస్తకం దించి చాలాసేపు తిరగేశారు. ఆశీర్వదించిన వస్తువును అమ్మితే దాని ఫలం పోతుందని ఉంది. పూర్తిగా పాడైతే పోతుందని ఉంది. కుంకుమ పెడితే ఏమవుతుందో ఎక్కడా లేదు. "బిషప్పుగారి పీఠం కార్యాలయానికి రాస్తానమ్మా" అన్నారు. వాళ్ళకూ తెలియకపోతే రోముకు రాస్తారట.

రోము నుంచి జవాబు వచ్చేదాకా వాడు ఆ చప్టా దాటుతూనే ఉంటాడు కదా. అందుకని శనివారం కుంకుడుకాయ రసం ఒక చెంబులో, పాత గుడ్డ ఒక చేతిలో పట్టుకుని స్టాండుకు వెళ్ళాను. శుభ్రంగా కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలని. బస్సు మెట్టు ఎక్కానో లేదో వీరరాఘవయ్య ఎదురొచ్చాడు.

"ఎవరమ్మా, చెంబట్టుకొచ్చారు?"

"ఆ పతకం కడగాలయ్యా" అన్నాను, మెల్లగా.

"అభిషేకమా! జరగండయ్యా, జరగండి! పంతులమ్మగారు స్వామికి అభిషేకం చేస్తారంట!"

బస్సంతా గోవింద కొట్టింది. కూర్చున్నవాళ్ళు లేచి దారి ఇచ్చారు. చెంబు అక్కడే వదిలేసి దిగి వచ్చేశాను. ఆ రసాన్ని తీర్థమని పంచి ఉండకూడదని ప్రార్థిస్తున్నాను.

వరం వెనక్కి తిరగలేదు. స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వెనక నుంచి తెలియలేదు. పదేళ్ళలో వాడికి అంత దగ్గరగా వెళ్ళింది అదే.

తల వెనక జుట్టు పల్చబడింది. కొబ్బరినూనె పెట్టించు.

వదిన


నందిగామ,
15 జూన్ 1969

వదినగారికి ప్రభువు నామమున వందనములు.

చాలా నెలలుగా రాయలేదు. రాయడానికి ఏమీ లేక. ఇప్పుడు ఉంది.

పేపరులో చూశాను. మీ రోము వాళ్ళే పండుగల జాబితా సవరించి, క్రిస్తోఫరు గారిని అందులోంచి తీసేశారట. ఆయన కథకు ఆధారాలు చాలవట. ఏడాది కిందట నేను ఇదే మాట అన్నాను, నాకు ఇటలీ భాష రాకపోయినా. మీ ఫాదరుగారు కుంకుమ గురించి అడిగితే వాళ్ళు ఇచ్చిన జవాబు ఇదేనేమో!

ఇప్పుడు ఆ అట్టముక్క మీద ఉన్నది ఎవరు? మీకు పునీతుడు కాడు, మాకు ముందే కాడు, వీరరాఘవయ్యకు మాత్రం దేవుడు. మీ తమ్ముడికి చెబితే, "పాపం, రిటైరైన డ్రైవరన్నమాట" అన్నారు. బొమ్మను మాత్రం తీయలేదు.

వానలు మొదలయ్యాయి.

ప్రేమకుమారి


జగ్గయ్యపేట,
26 జులై 1969

చి.సౌ. ప్రేమకుమారికి,

ఆలస్యంగా రాస్తున్నాను. నీ ఉత్తరానికి కోపం రాలేదు. కాళ్ళ కింద నేల కదిలింది.

ఫాదరుగారు పూజలో చెప్పారు. పునీతుడు కాదని ఎవరూ అనలేదు, లోకమంతటికీ ఉన్న జాబితాలోంచి పండుగ తీశారు, కావాలనుకున్న ఊళ్ళు జరుపుకోవచ్చు అన్నారు. చెప్పినంతసేపూ నా వైపు చూడలేదు. నిన్న ఇరవై అయిదో తారీఖు, ఆయన పండుగ. కావాలనుకున్న ఊళ్ళో నేనొక్కదాన్నే ఉన్నాను. కొవ్వొత్తి వెలిగించాను.

ఆధారాలు లేవంటే లేవు. మా నాన్న ఆ వాగులో పోయినట్టు కూడా ఏ కేలండరులోనూ లేదు.

కానీ ఒక భయం పట్టుకుంది. ఇన్నాళ్ళూ వాడి ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని ఉన్నారనే ధైర్యంతో పదీ ఇరవై దాటగానే లెక్కలు దిద్దుకునేదాన్ని. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీ అయిందేమో అనిపిస్తోంది. తమ్ముడికి చెప్పి ఆ దారి మార్పించుకోమను. పతకం పోతే పోనీ. వాడు కావాలి.

వదిన


నందిగామ,
23 ఆగస్టు 1969, శనివారం, దీపాల వేళ

వదినా,

బస్సు తిరిగి రాలేదు. వాగులు పొంగాయంటున్నారు, తంతి తీగలు తెగాయట. డిపోలో ఎవరికీ ఏమీ తెలియదు. దారి తెరిస్తే పొద్దున్నే బయల్దేరతానన్నాడు సాంబయ్య, అతని చేతికే ఇస్తున్నాను.

ఆ క్రిస్తోఫరుకు మీరు చెప్పుకునే ప్రార్థన ఏమిటో రాసి పంపండి. జాబితాలో ఉన్నా లేకపోయినా సరే.

ప్రేమ


జగ్గయ్యపేట,
25 ఆగస్టు 1969

నా ప్రేమకు,

ఈ ఉత్తరం అందేసరికి వాడు నీ ఎదురుగా కూర్చుని భోంచేస్తూ ఉంటాడు. నిన్న మధ్యాహ్నం వాడు అటు బయల్దేరిన అరగంటకు సాంబయ్య నీ చీటీ తెచ్చి ఇచ్చాడు. అయినా జవాబు రాస్తున్నాను. నువ్వు ప్రార్థన అడిగావు, అడిగినదానికి రాయాలి. వాడు నీకు చెప్పనివి కూడా ఉన్నాయి.

శనివారం బడి ఒంటిపూట. ఇంటికి వచ్చి స్తంభానికి ఆనుకుని బియ్యం ఏరుతున్నాను. గడప అవతల ఎవరో తడిసి ముద్దయి నిలబడ్డారు.

"అక్కా, గడప తొక్కొచ్చా? నీళ్ళు కారతన్నయ్యి, ఇల్లు పాడవుద్ది" అన్నాడు.

పదకొండేళ్ళ తర్వాత వాడు అన్న మొదటి మాట అది. నేనేమన్నానో చెప్పను. తువ్వాలు ఇచ్చాను.

జరిగింది ఇదీ. చప్టా మీద నీళ్ళు పారుతున్నాయట. పెద్దగా కాదు, మోకాలి లోతే అన్నట్టు కనబడిందట. వరం బస్సు ఆపేశాడు. జనం ఊరుకుంటారా? "పోనివ్వు డ్రైవరూ, వసుదేవుడున్నాడుగా! యమునే దారిచ్చింది, ఈ వాగెంత!" అని వెనక నుంచి కేకలు. వీరరాఘవయ్య కర్పూరం కూడా వెలిగించాడట.

"నాకూ కాలు ఎక్సిలేటరు మీదికి పోయిందక్కా" అన్నాడు. "అప్పుడు ఆ బొమ్మ వంక చూశా. ఆయన చేతిలో కర్రుంది గదా. దిగి, కర్రతో లోతు చూసుకుంటా నడిచాడు. బండెక్కి దాటలా. సరేనని నేనూ దిగా."

ఎవరిదో చేతికర్ర తీసుకుని, నడుముకు తాడు కట్టించుకుని నీళ్ళలో నడిచాడు. అయిదో అడుగులో కర్రకు అడుగు తగలలేదు. చప్టా నడిమధ్యలో లేదు. ఎడ్లబండి పట్టేంత మేర కొట్టుకుపోయింది, పైన నీళ్ళు మాత్రం చదునుగా పారుతున్నాయి. మా నాన్న కూడా అలాంటి నీళ్ళనే చూసి ఉంటాడు. ఆయన బండి దిగలేదు.

వాడు వెనక్కి వచ్చి బస్సు తిప్పేశాడు. స్వామి ముందు వెనకడుగు వేశాడని జనం ఊరు చేరేదాకా తిట్టారట. పతకాన్ని ఎవరైనా లాక్కుంటారేమోనని మైనపు గుడ్డలో చుట్టి చొక్కా జేబులో వేసుకుని వచ్చాడు. నిన్న నీళ్ళు తీశాక చప్టా చూసొచ్చిన బసవమ్మ నా దగ్గరికి వచ్చి ఏమందో తెలుసా? "వసుదేవుడే మీ తమ్ముడి ఒంట్లోకొచ్చి లోతు చూశాడండీ!" వచ్చే శనివారం నుంచి వాడికే దండ వేస్తారేమో, చూసుకో.

వాడు అన్నం తిని పడుకున్నాడు. చొక్కా ఆరవేస్తుంటే అట్టముక్క చేతికి వచ్చింది. ముందువైపు కుంకుమ పొరలు పొరలుగా కట్టి, క్రిస్తోఫరు మోకాళ్ళ దాకా కనబడడం లేదు. నేను కుట్టిన దారం అలాగే ఉంది, ఒక ముడిలో ఆవగింజ ఇరుక్కుని. తిప్పి చూశాను. వెనకవైపు అన్నం మెతుకుతో సన్నటి కాగితం అంటించి ఉంది. దాని మీద కీర్తనల నుంచి ఒక వచనం. రాకపోకల్లో కాపాడే వచనం, నీకు తెలుసు. బాగా తెలుసు, ఎందుకంటే అది నీ చేతిరాత. ఈ ఏడాదిగా నీ ఉత్తరాలు ఒక్కొక్కటీ నాలుగేసిసార్లు చదివినదాన్ని, ఆ రాత ఎవరిదో నాకు ఒకరు చెప్పాలా?

వాణ్ణి అడిగాను. "ఎవరికీ చెప్పొద్దందక్కా. చాకిరేవుకెయ్యబోయే చొక్కాలో పెట్టి, తనే మళ్ళీ తీసి, ఇస్త్రీ చొక్కాలో పెట్టింది" అన్నాడు. అబద్ధాల మనిషీ! ఆవాలు ఉన్నాయి, ఆయన లేడా?

నిన్ను దెప్పే అర్హత నాకు లేదు. పతకాన్ని కడగాలని కూర్చున్నాను. కుంకుడు రసం కూడా తీశాను. కడగలేకపోయాను. ఆ కుంకుమ పెట్టినవాళ్ళు ఎవరి పేరు అనుకుని పెట్టినా, క్షేమంగా అవతలి ఒడ్డు చేరాలనే పెట్టారు. నేనూ అదే కోరాను, నువ్వూ అదే కోరి మెతుకుతో అంటించావు. చివరికి మెత్తటి కుంచెతో పైపైన రాల్చి, ఆ కుంకుమను కాగితంలో పొట్లం కట్టి నా ప్రార్థన పుస్తకంలో జులై ఇరవై అయిదు పేజీలో పెట్టుకున్నాను. పాపసంకీర్తనంలో ఫాదరుగారి ముందు ఇంకా ఒప్పుకోలేదు. చెబితే ఫాదరుగారి పుస్తకంలో దానికి జవాబు ఉండదు. మళ్ళీ పీఠానికి రాస్తారు. వాళ్ళు ఈసారి ఎవరిని తీసేస్తారో!

ప్రార్థన అడిగావు కదా. పెద్దదేమీ లేదు. మా నాన్న పోయిన రోజు నుంచి ఒక్కటే మాట: "ప్రభువా, వాణ్ణి దిగి చూసేవాణ్ణి చెయ్యి." పునీతుడి పేరు అందులో లేదు. కాబట్టి నువ్వు కూడా చెప్పుకోవచ్చు.

గేదెల సంగతి కూడా అడిగాను. "మీ బడి దగ్గర గేదెలెక్కడున్నయ్యక్కా?" అన్నాడు.

పండుగకు ఇద్దరూ రండి. నీ పెళ్ళి చీర కట్టుకునే రా, ఆ రోజు కోపంలో సరిగ్గా చూడలేదు.

ఈ కాగితాలు చించెయ్యకు. అలాగని మీ పాస్టరుగారికి గాని, మా ఫాదరుగారికి గాని, వాడికి గాని చూపించకు. ఎక్కడ దాచాలో నీకు నేను చెప్పక్కరలేదు. వాడు దాని జోలికి పోడు.

నీ వదిన,
రత్నమణి